కొత్త ఎయిర్ ఫ్రయ్యర్‌లో ప్లాస్టిక్ వాసన, మెత్తబడిన ఫ్రైస్, వింగ్స్ నుంచి పొగ: వాపసు ఇచ్చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వారం కిందట 4 లీటర్ల బాస్కెట్ ఎయిర్ ఫ్రయ్యర్ కొన్నారు. ఆన్ చేసినప్పుడల్లా ప్లాస్టిక్ కాలుతున్నట్టు వాసన. ఫ్రోజెన్ ఫ్రెంచ్ ఫ్రైస్‌కి ప్యాకెట్ మీద రాసిన టైమే పెట్టినా కొన్ని మాడుతున్నాయి, కొన్ని మెత్తగా మిగిలిపోతున్నాయి. చికెన్ వింగ్స్ వేస్తే తెల్లటి పొగ వచ్చింది. బయట తినే ఫ్రైస్‌లా కరకరలాడడం లేదు. వాపసు గడువు ఇంకో మూడు రోజులే ఉంది కాబట్టి ఇచ్చేయాలా, ఉంచుకోవాలా? దాంతోపాటు మిగిలిపోయిన బర్గర్, పిజ్జా ఇందులో వేడి చేయొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. ఈరోజే ఇచ్చేయకండి. ఫ్రైస్, పొగ, కరకర, ఈ మూడూ వాడకంతో సరిపోయేవి. వాసన ఒక్కటే అనుమానించాల్సింది, అదేమిటో తేల్చుకోవడానికి ఒక పూట చాలు. రేపు ఆ పరీక్ష చేయండి. వాసన తగ్గకపోయినా, ప్లగ్ వేడెక్కినా, ఉష్ణోగ్రత మరీ తేడా ఉన్నా గడువులోపు వెనక్కి పంపండి. ఈ మూడూ బాగుంటే మెషీన్ మంచిదే, మిగతాది మీ చేతిలో ఉంది.

ముందు వాసన. ఎయిర్ ఫ్రయ్యర్ అంటే చిన్న కన్వెక్షన్ ఓవెన్. లోపల పైభాగంలో చుట్టలా తిరిగిన హీటింగ్ కాయిల్, దాని మీద వేగంగా తిరిగే ఫ్యాన్, కింద చిల్లుల ట్రే ఉన్న బాస్కెట్, అంతే. ఫ్యాక్టరీలో లోహపు భాగాలకు అంటిన పల్చటి నూనె, ఇన్సులేషన్‌ని పట్టి ఉంచే జిగురు పదార్థం, కొత్త కోటింగ్‌లో మిగిలిన కొద్దిపాటి రసాయనం మొదటిసారి గట్టిగా వేడెక్కినప్పుడు ఆవిరై బయటికి వస్తాయి. కొత్త మెషీన్ వాసన అంటే ఇదే. మొదటి రోజు ఎంత ఘాటుగా ఉందన్న దానికన్నా, ప్రతిసారీ తగ్గుతోందా లేదా అన్నది చూడాలి.

పరీక్షకి ముందు ఒక పని. బాస్కెట్ పూర్తిగా బయటికి లాగి, ప్లగ్ తీసి, ఫోన్ టార్చ్ వేసి మెషీన్ లోపలి పైకప్పు చూడండి. కాయిల్ కింద ఉండే తీగల జాలీకి పారదర్శకమైన టేపు ముక్క అంటుకుని ఉండొచ్చు. బాస్కెట్‌కీ ట్రేకీ మధ్య సన్నటి అట్టముక్కో, ఫోమ్ ముక్కో ఇరుక్కుని ఉండొచ్చు. ట్రేని విడిగా తీసి అడుగున కూడా చూడండి, స్టిక్కర్లు అక్కడ ఉంటాయి. "ఎన్నిసార్లు నడిపినా ప్లాస్టిక్ కంపు పోవట్లేదు" అనే కేసుల్లో కొన్ని ఈ టేపు ముక్క దగ్గరే తేలిపోతాయి.

తర్వాత బాస్కెట్, ట్రే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బుతో, మెత్తటి స్పాంజితో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. కిటికీలు తెరవండి. మెషీన్ వెనక, పక్కల, పైన కనీసం 10 నుంచి 15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. వేడిగాలి బయటికి పోయే దారి వెనక వైపు ఉంటుంది, దాన్ని గోడకి ఆనిస్తే మెషీన్ తన వేడిలో తనే ఉడుకుతుంది. 200 డిగ్రీలు పెట్టి 15 నిమిషాలు ఖాళీగా నడపండి. బాస్కెట్ బయటికి తీసి అరగంట చల్లారనివ్వండి. మళ్లీ అలాగే రెండుసార్లు. మీ మాన్యువల్‌లో ఖాళీగా నడపొద్దని రాసి ఉంటే పనికిరాని బంగాళాదుంప ముక్కలు ఓ గుప్పెడు వేసి నడిపి, అవి పారేయండి.

మూడో విడతకి వాసన దాదాపు పోవాలి, కనీసం మొదటిసారి కన్నా స్పష్టంగా తగ్గాలి. చేపల కంపు లాంటిది, లేదా కాలిన వైరు వాసన వస్తే అది వేరే సంగతి. వైర్ల పైతొడుగు, ప్లగ్గు, స్విచ్చు లాంటి ప్లాస్టిక్ భాగాలు అతిగా వేడెక్కినప్పుడు వచ్చే వాసన అది. వెంటనే ప్లగ్ పీకేసి వాపసు ఇచ్చేయండి, ఇంకోసారి చూద్దాం అనుకోవద్దు. నిమ్మకాయ నీళ్లు పెట్టి నడపమని చాలామంది సలహా ఇస్తారు. దానివల్ల నిమ్మ వాసన ఈ వాసనని కప్పేస్తుంది తప్ప కారణం పోదు, పైగా వాసన తగ్గిందో లేదో మీకు తెలియకుండా పోతుంది. వాపసు తేల్చుకునేదాకా నిమ్మకాయ జోలికి వెళ్లకండి.

ఇంట్లో పెంపుడు పక్షులుంటే ఈ పని మొదలుపెట్టే ముందు వాటిని దూరంగా, గాలి వచ్చే వేరే గదిలో పెట్టండి. నాన్‌స్టిక్ కోటింగ్‌లో వాడే పీటీఎఫ్‌ఈ 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. 200 డిగ్రీలు మించని మామూలు వాడకంలో మనుషులకి దానితో ఇబ్బంది రాదు. కానీ పక్షుల ఊపిరితిత్తులు చాలా సున్నితం, అతిగా వేడెక్కిన కోటింగ్ పొగ వాటికి ప్రాణాంతకం. కొత్త మెషీన్ కాయిల్ దగ్గర ఎంత వేడి పుడుతుందో బయటినుంచి మనకి తెలియదు కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఆ 15 నిమిషాలు అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి దాని పిన్నుల దగ్గర చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ వదులుగా ఉన్నట్టు, లేదా ప్లగ్ నాసిరకమైనట్టు. 1500 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది, అదీ నిమిషాల తరబడి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ మీద, ఫ్రిజ్‌తో కలిపి ఒకే మల్టీప్లగ్ మీద దీన్ని నడపకూడదు. ఇంకో గట్టి సాకెట్‌లో పెట్టి మళ్లీ చూడండి. అక్కడా ప్లగ్ కాలుతుంటే లోపం మెషీన్‌దే.

ఉష్ణోగ్రత పరీక్షకి ఓవెన్ థర్మామీటర్ కావాలి. ట్రే మధ్యలో పెట్టి 180 డిగ్రీలకి సెట్ చేసి, 10 నిమిషాలు ఆగి, ఆ తర్వాత కొన్ని నిమిషాల తేడాతో నాలుగైదుసార్లు బాస్కెట్ లాగి చూడండి. బాస్కెట్ తీయగానే వేడి పడిపోతుంది, అందుకని ముల్లు మీద చూపు వేసి వెంటనే మూసేయాలి. అంకె ఒకచోట నిలబడదు, అది సహజం. థర్మోస్టాట్ కాయిల్‌ని ఆపుతూ, వెలిగిస్తూ ఉంటుంది. మీకు వినిపించే చిన్న క్లిక్ శబ్దం, మధ్యలో ఆరిపోయే హీటింగ్ లైటు అదే. సగటు 165కీ 195కీ మధ్య ఉంటే వాడుకోవచ్చు. 150 దాటడం లేదన్నా, 220కి పోతోందన్నా వాపసు ఇవ్వండి. థర్మామీటర్ లేకపోతే కింద చెప్పిన విధంగా ఒక విడత ఫ్రైస్ చేసి చూడండి, తేడా అక్కడే తెలిసిపోతుంది.

శబ్దం గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట. ఫ్యాన్ హోరు మామూలే. వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు రేకు టిక్కుమనడమూ మామూలే. ఏదో కొట్టుకుంటున్నట్టు, గీసుకుంటున్నట్టు ఆగకుండా వినిపిస్తే మాత్రం ఫ్యాన్ రెక్క తగులుతోంది. దాన్ని ఇంట్లో విప్పొద్దు.

ఇక ఫ్రైస్. ఎయిర్ ఫ్రయ్యర్ మీద మొదటి వారంలో ఏర్పడే అభిప్రాయం చాలావరకు వీటి మీదే ఆధారపడుతుంది, అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు ఎంత వేశారో రాయలేదు. "ప్యాకెట్‌లో సగం" అన్నారు. అది 400 నుంచి 500 గ్రాములైతే సమస్య అక్కడే ఉంది. 4 లీటర్లు అన్నది బాస్కెట్ నిండా నీళ్లు పోస్తే పట్టే కొలత, ఒక విడతలో వేగే తిండి కొలత కాదు. అంత బాస్కెట్‌లో ఫ్రైస్ బాగా రావాలంటే 250 గ్రాములు, మహా అయితే 300. ముక్కలు ఒక వరస పరుచుకుని, మీద అక్కడక్కడా రెండో వరస పడితే అదే హద్దు. ట్రే చిల్లులు కొన్నైనా కనబడుతూ ఉండాలి.

కారణం నీళ్లు. ఫ్రోజెన్ ఫ్రైస్ బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. ముక్క పైభాగంలో తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల చుట్టూనే ఆగిపోతుంది, మీరు డయల్ మీద 200 పెట్టినా సరే. రంగు, ఆ వేగిన రుచి రావడానికి ఉపరితలం 140 డిగ్రీల పైకి వెళ్లాలి. అంటే ముందు పైపొర ఆరాలి. 100 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి సుమారు 226 కిలోజౌళ్లు పడతాయి. 1500 వాట్ల కాయిల్ ఒక్క క్షణం కూడా ఆగకుండా వెలిగినా అందుకే రెండున్నర నిమిషాలు పోతాయి. మంచు కరగడం, ముక్క లోపలిదాకా వేడెక్కడం దీనికి అదనం. థర్మోస్టాట్ మధ్యమధ్యలో కాయిల్‌ని ఆపుతుంది, కొంత వేడి వెనక నుంచి పోతూనే ఉంటుంది. కాబట్టి బాస్కెట్‌లో నీరు రెట్టింపైతే టైము కొద్దిగా పెంచినంత మాత్రాన సరిపోదు.

ఇంకా పెద్ద చిక్కు గాలిది. తడిబట్టలు కుప్పగా పోసి ఫ్యాన్ వేస్తే పైబట్ట ఆరి, లోపలివి ముక్కిపోతాయి కదా, ఇక్కడ జరిగేది అదే. కుప్ప మధ్యలో ముక్కల నుంచి వచ్చిన ఆవిరి బయటికి పోలేక పక్క ముక్కల్ని ఉడకబెడుతుంది. పైన కాయిల్‌కి ఐదారు సెంటీమీటర్ల దూరంలో ఉన్న ముక్కల కొసలు మాత్రం మాడతాయి. ఒకే బాస్కెట్‌లో మాడినవీ, మెత్తనివీ రెండూ వస్తున్నాయంటే మెషీన్ పాడైందని కాదు, నిండిపోయిందని అర్థం.

ఇలా చేసి చూడండి. 200 డిగ్రీలకి 3 నుంచి 5 నిమిషాలు ప్రీహీట్ చేయండి, అంటే తిండి వేయకముందే మెషీన్‌ని వేడెక్కించండి. ఫ్రైస్‌ని ఫ్రీజర్ నుంచి నేరుగా వేయాలి, కరగనివ్వకూడదు. కరిగితే పైన నీరు పట్టి, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేసే ముందు జల్లెడలో ఓసారి గట్టిగా విదిలించండి. ప్యాకెట్ అడుగున తెల్లటి మంచు పొడి, చిన్న చిన్న విరిగిన ముక్కలు ఉంటాయి. మంచు పొడి నీళ్లై ఆవిరి పెంచుతుంది, ఆ చిన్న ముక్కలే ముందుగా మాడి చేదెక్కుతాయి. రెండూ పోవాలి. నూనె వేయక్కర్లేదు, ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో సగం వేయించి గడ్డకట్టిస్తారు. 5 నిమిషాలకి ఒకసారి, 9 నిమిషాలకి ఇంకోసారి బాస్కెట్ లాగి, అడుగు ముక్కలు పైకి వచ్చేలా ఎగరేయండి. సన్నటివి 11 నుంచి 13 నిమిషాల్లో, వేలంత లావువి 15 నుంచి 18 నిమిషాల్లో అవుతాయి. 11వ నిమిషం నుంచి గడియారం మానేసి రంగు చూడండి. లేత బంగారు రంగు దాటి గోధుమ రంగులోకి పోనివ్వకండి.

రెండోసారి ఎగరేసేటప్పుడు చెవి పెట్టి వినండి. ముక్కలు ట్రేకి తగిలి గలగలమంటే పైపొర ఆరింది, ఇంకో రెండు మూడు నిమిషాలు చాలు. మెత్తగా దొర్లుతూ చప్పుడు లేకుండా పడుతుంటే ఇంకా నీరుంది, రంగు వచ్చినా సరే తీయకండి. 180కి తగ్గించి 4 నిమిషాలు పెట్టండి.

ఉప్పు చివర్లోనే. ముందే వేస్తే ముక్కల్లోంచి నీరు పైకి లాగుతుంది. తీసిన వెంటనే, ఉపరితలం మీద నూనె ఇంకా తళతళలాడుతుండగా మెత్తటి ఉప్పు చల్లితే పట్టుకుంటుంది. రెండు నిమిషాలు ఆగి వేస్తే గిన్నె అడుక్కి జారిపోతుంది. గిన్నెలో కుప్ప పోయకుండా వెడల్పాటి పళ్లెంలో పరవండి, మూత పెట్టొద్దు. ఇద్దరికి సరిపడా కావాలంటే రెండు విడతలు చేసి, మొదటి విడతని రెండోదాని మీద చివరి నిమిషంన్నర వేసి కలిపి వేడి చేస్తే సరిపోతుంది.

మరి బయట తినేవాటిలా ఎందుకు ఉండవు? ఇక్కడ మీకు నిజం చెప్పాలి, అచ్చంగా అలాగే రావు. రెస్టారెంట్లలో నూనె 175 నుంచి 190 డిగ్రీల మధ్య ఉంటుంది. నూనె ముక్కని అన్ని వైపుల నుంచీ ఒకేసారి తాకి, గాలి కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని ఎక్కిస్తుంది. నీరు బుడగలుగా దూసుకొచ్చిన సన్నటి రంధ్రాల్లోకి నూనె చేరుతుంది, ఆ పెళుసుదనం, ఆ రుచి అక్కడివి. గాలిలో అది జరగదు. ఎయిర్ ఫ్రయ్యర్ ఇచ్చేది ఓవెన్‌లో కాల్చిన కరకర, నూనె తక్కువ, నమిలితే కొంచెం పొడిగా అనిపిస్తుంది. పేరులో ఫ్రయ్యర్ అన్న మాట చూసి నూనెలో వేగిన రుచి కోసం ఎదురుచూడడం వల్లే ఈ నిరాశ. తేడా బాగా తగ్గించాలంటే ప్యాకెట్ ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. పదార్థాల జాబితాలో బియ్యప్పిండి, మార్పు చేసిన స్టార్చ్, డెక్స్‌ట్రిన్ లాంటివి ఉన్నాయంటే ముక్కలకి పల్చటి పిండి పూత ఉన్నట్టు. అవి గాలిలో కూడా గట్టి పైపొర కడతాయి, మెత్తబడడానికీ ఎక్కువ సేపు పడుతుంది. 6, 7 మిల్లీమీటర్ల సన్నటివి, లేదా వంకీలు తిరిగిన కట్ ఉన్నవి తీసుకోండి. పూత లేని లావుపాటివి ఈ మెషీన్‌లో ఎప్పుడూ రెండో తరగతే.

ఇంట్లో కోసుకునేవాటికి పద్ధతి వేరు. 1 సెంటీమీటర్ మందాన కోసి, చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టండి. పైన ఉండే స్టార్చ్, కొంత చక్కెర కడుక్కుపోతాయి. దానివల్ల ముక్కలు అతుక్కోవు, త్వరగా నల్లబడవు. తర్వాత పొడిబట్టలో వేసి, గుడ్డకి తడి అంటనంతగా తుడవండి. ఈ తుడవడం దగ్గర బద్ధకిస్తే మిగతాదంతా వృథా. 500 గ్రాములకి రెండు టీస్పూన్ల నూనె, అంటే 10 మిల్లీలీటర్లు, చేత్తో బాగా పట్టించి, రెండు విడతలుగా వేయండి. 160 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు పెడితే లోపల ఉడుకుతుంది. బాస్కెట్ తీసి 5 నిమిషాలు ఆవిరి పోనిచ్చి, 200 దగ్గర 6 నుంచి 8 నిమిషాలు పెడితే పైన వేగుతుంది. ఒకేసారి 200 పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి.

బంగాళాదుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి స్టార్చ్ చక్కెరగా మారుతుంది, అలాంటివి వేయిస్తే త్వరగా నల్లబడతాయి. పిండి పదార్థాలని 120 డిగ్రీలకి పైన వేయించినా, కాల్చినా అక్రిలమైడ్ అనే హానికర రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. చక్కెర ఎక్కువైనా, రంగు ముదిరినా అది పెరుగుతుంది. ఎయిర్ ఫ్రయ్యర్ అయినంత మాత్రాన దీనికి మినహాయింపు లేదు. లేత బంగారు రంగు దగ్గర ఆపమన్నది అందుకే.

వింగ్స్ పొగ సంగతి. కోడి చర్మం కింద కొవ్వు కరిగి, ట్రే చిల్లుల్లోంచి బాస్కెట్ అడుగున పడుతుంది. అక్కడ లోహం బాగా వేడిగా ఉంటుంది, పైగా ఫ్యాన్ చిన్న తుంపర్లని కాయిల్ మీదికి ఎగరేస్తుంది. తెల్లటి పొగ అదే. ట్రే కింద బాస్కెట్ అడుగున రెండు టేబుల్‌స్పూన్ల నీళ్లు పోయండి, కొవ్వు నీళ్లలో పడి చల్లారుతుంది. అంతకు మించి పోస్తే మళ్లీ ఆవిరి గోల. వింగ్స్‌ని కాగితపు నాప్కిన్‌తో పొడిగా తుడిచి, 180 దగ్గర 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, చివర 200 దగ్గర 4, 5 నిమిషాలు పెట్టండి. మాంసంలో గుచ్చే థర్మామీటర్‌ని ఎముక పక్కన గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. నల్లటి పొగ అయితే ఆగకండి, ప్లగ్ తీసేయండి, పొగ తగ్గేదాకా బాస్కెట్ లాగొద్దు. పాత కొవ్వు కాయిల్ మీద కాలుతోందన్నమాట, చల్లారాక శుభ్రం చేయాలి.

నగ్గెట్స్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. పైన బంగారు రంగు ఉన్నంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. కొన్ని బ్రెడ్ పొడి అద్దిన చికెన్ ముక్కల్ని పైపైన వేయించి, లోపల పచ్చిగానే గడ్డకట్టిస్తారు. పూర్తిగా ఉడికినవైతే 200 దగ్గర 9 నుంచి 11 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి తిప్పితే చాలు. ముక్కలు ఒకదానికొకటి తగలకూడదు. పచ్చివైతే ప్యాకెట్ టైము పాటించి, 74 డిగ్రీలు చూసుకోవాల్సిందే.

ఇందులో వేయకూడనివి కొన్ని. జారుగా ఉన్న పిండిలో ముంచినవి వేయకండి. నూనె అయితే పిండిని క్షణంలో గట్టిపరుస్తుంది. ఇక్కడ గట్టిపడే లోపే అది చిల్లుల్లోంచి కారి ట్రేకి అంటుకుంటుంది. బేకింగ్ పేపర్ ఒక్కదాన్నే వేసి ప్రీహీట్ చేయకండి. ఫ్యాన్ దాన్ని పైకి లాగి కాయిల్‌కి అంటిస్తుంది, అంటుకుని మండుతుంది. కాగితం వాడితే దాని మీద ఎప్పుడూ తిండి బరువు ఉండాలి, చిల్లులు పూర్తిగా మూసుకుపోకూడదు. గ్యాస్ డబ్బాలో వచ్చే వంటనూనె స్ప్రేలు కూడా వద్దు. వాటిలో కలిపే లెసిథిన్ నాన్‌స్టిక్ మీద జిగట పొరలా పేరుకుని, ఎంత కడిగినా పోదు. మామూలు నూనె పోసుకుని చేత్తో నొక్కే స్ప్రే సీసా మంచిది.

కడిగేటప్పుడు స్టీలు పీచు వాడకండి. వేడి నీళ్లు, సబ్బు పోసి 15 నిమిషాలు నానబెడితే మెత్తటి స్పాంజితోనే వస్తుంది. ట్రే నాలుగు మూలలా చిన్న సిలికాన్ బుడిపెలు ఉంటాయి, ట్రే కదిలి కోటింగ్ గీరుకుపోకుండా అవి కాపాడతాయి. కడిగిన ప్రతిసారీ నాలుగూ ఉన్నాయా లేదా లెక్కపెట్టండి. ఊడిపోయినది సింకులోకైనా పోతుంది, లేదంటే తిండిలో కలిసిపోతుంది. కొవ్వుగలవి వండుతుంటే నెలకోసారి ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక మెషీన్‌ని తలకిందులు చేసి, తడిపి పిండిన మెత్తటి బ్రష్‌తో కాయిల్ తుడవండి. నీళ్లు చల్లడం మాత్రం వద్దు.

ఇక మీ చివరి ప్రశ్న, మిగిలిపోయిన ఫాస్ట్‌ఫుడ్. ఈ మెషీన్ బాగా చేసే పని ఇదే అని నా అభిప్రాయం. మైక్రోవేవ్ రొట్టెని రబ్బరులా చేస్తుంది, ఇది పైపొరని మళ్లీ ఆరబెడుతుంది. తిండి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లి ఉండాలన్నది మొదటి షరతు. పిజ్జాకి ప్రీహీట్ వద్దు, 160 దగ్గర 3, 4 నిమిషాలు చాలు. తేలికపాటి టాపింగ్స్ ఎగరకుండా మధ్యలో టూత్‌పిక్ గుచ్చి, తినేముందు గుర్తుపెట్టుకుని తీసేయండి. చల్లారిన ఫ్రైస్‌ని ఒకే వరసలో పరిచి 190 దగ్గర 3 నుంచి 4 నిమిషాలు పెట్టండి. పూత ఉన్నవి బాగా లేస్తాయి, పూత లేనివి ఎండిపోతాయి. వేయించిన చికెన్ ముక్కలు 175 దగ్గర 6 నుంచి 8 నిమిషాలు, లోపల మళ్లీ 74 డిగ్రీలకి రావాలి. బర్గర్‌ని మొత్తంగా పెట్టొద్దు, విడదీయండి. ఆకు, టమాటా, ఊరగాయ ముక్కలు, సాస్ పక్కన పెట్టి, ప్యాటీ ఒక్కటీ 170 దగ్గర 4 నిమిషాలు పెట్టండి. చీజ్ ముక్క ప్యాటీకి అంటుకుని ఉంటే సరే, విడిగా ఉంటే ఎగిరి కాయిల్‌కి తగులుతుంది కాబట్టి మెషీన్ ఆపాక వేయండి. బన్ను కోసిన వైపు పైకి పెట్టి చివరి ఒక్క నిమిషం చాలు. రెండు నిమిషాలు పెడితే అంచులు రస్కులా గట్టిపడతాయి.